రెండు చేతులతో బొమ్మ గీసే మేడం

మేడం పోయారని నాకు బాపట్ల స్టేషన్లో తెలిసింది. సాయంత్రం కాలేజీ అయ్యాక తెనాలి వెళ్ళే పాసింజరు కోసం నిలబడి ఉన్నాను. మాతో బి.యస్సీ చదివిన పద్మ అవతలి ప్లాట్‌ఫాం మీంచి నన్ను చూసి, వంతెన ఎక్కి దిగి, రొప్పుతూ వచ్చింది.

"గుడ్ల మేడం పోయారంట, తెలుసా? రేపు రేపల్లెలో మట్టి చేస్తారంట."

కొంతకాలంగా ఎదురుచూస్తున్న కబురే. రైలొచ్చింది, ఎక్కాం, ఎదురెదురుగా కూచున్నాం. అప్పికట్ల దాటాక పద్మ ఉన్నట్టుండి రెండు చేతులూ పైకెత్తి, గాలిలో ఒక గుండ్రటి బొమ్మ గీసింది. పక్కన కూచున్న ముసలాయన వింతగా చూశాడు. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

మేడం పిండం బొమ్మలు అలాగే గీసేవారు. తెనాలిలో మేం చదివిన ఆడపిల్లల కాలేజీలో ఆవిడ జువాలజీ లెక్చరరు. పిండశాస్త్రం మొత్తం ఆవిడదే. రెండు చేతుల్లో రెండు సుద్దముక్కలు పట్టుకుని బోర్డుకి ఎదురుగా, కాళ్ళు కాస్త ఎడంగా పెట్టి నిలబడేవారు. కింద మధ్యలో ఒకే చోట రెండు సుద్దలూ ఆనించి, ఒకటి కుడికీ ఒకటి ఎడమకీ లాగుతూ, పైకి తెచ్చి, మళ్ళీ మధ్యలో కలిపేవారు. రెండు వైపులూ అచ్చు ఒకేలా వచ్చేవి. వెన్నుపామూ మెదడూ అయ్యే గొట్టం బొమ్మను గీసినప్పుడు మాత్రం ఆ చేతులు నెమ్మదించేవి. చదునుగా ఉన్న పొర అంచులు రెండూ లేచి, వంగి, ఒకదానికొకటి దగ్గరై అంటుకుంటాయి. సుద్దముక్కలు రెండూ టక్కున తగలగానే "మూసుకుంది" అనేవారు. అప్పుడు గానీ మా వైపు తిరిగేవారు కాదు.

ఆవిడ పొట్టిగా, చామనచాయగా ఉండేవారు. రోజూ రేపల్లె నుంచి పొద్దుటి రైల్లో వచ్చి, సాయంత్రం రైల్లో పోయేవారు. నడక పరుగులా ఉండేది. స్టేషన్నించి కాలేజీదాకా రిక్షావాళ్ళు "రండమ్మా" అని వెంటపడేవారు గానీ, ఎక్కగా ఎవరూ చూడలేదు. ప్రాక్టికల్స్ రోజున చేతిలో ఒక అట్టపెట్టె ఉండేది. కాలేజీ వెనక వీధిలో నాటుకోళ్ళు పెంచే ఒక సాయిబుల ఇంటికి ముందే చెప్పి పెట్టి, పొదుగుతున్న కోడి కింద నుంచి గుడ్లు తీసుకొచ్చేవారు. ఊక మధ్య పెట్టి తెచ్చిన ఆ గుడ్లను ఒక్కొక్కటే తీసి, ముందు చెంపకి ఆనించుకునేవారు. వెచ్చగా ఉందో లేదో వేలితో కంటే చెంపతో బాగా తెలుస్తుందట.

మొదటిసారి ఆవిడ గుడ్డు తెరిచిన రోజు నాకు బాగా గుర్తు. గోరువెచ్చటి ఉప్పునీళ్ళ గిన్నెలో పెంకు మీద కత్తెర మొనతో చిన్న కిటికీలా కోశారు. పచ్చసొన మీద సన్నటి ఎర్రదారాలు పరుచుకుని ఉన్నాయి. వాటి మధ్యలో ఆవగింజంత ఎర్రచుక్క కొట్టుకుంటోంది. మేమంతా చుట్టూ మూగాం. ఒకమ్మాయి ఏడ్చేసింది.

"పాపం కదా మేడం?"

"పాపమే," అన్నారు మేడం, తల తిప్పకుండా. "అందుకే జాగ్రత్తగా చూడండి. ఊరికే చూసి పోతే ఇంకా పాపం."

అదే రోజు మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఆవిడ క్యారేజీ విప్పితే అన్నం మీద ఆమ్లెట్టు ఉంది. అది చూసి మాకు పెద్ద షాకు. గుడ్ల మేడం అన్న పేరు ఆ రోజే పుట్టింది.

ఒకే కణం చీలి చీలి మనిషవుతుంది, అన్ని కణాల్లోనూ ఉండే జన్యువులు అవే, మరి ఒకటి కన్నూ ఒకటి గోరూ ఎందుకవుతాయి? ఈ ప్రశ్న వేసి ఆవిడ బెంచీల మధ్య తిరుగుతుండేవారు. ఒకసారి వెనక బెంచీలోంచి ఎవరో "దేవుడి దయ మేడం" అన్నారు.

"దయ సరే. పద్ధతి ఏంటి?"

అప్పుడు చెప్పారు. "మా చర్చిలో అందరి చేతుల్లోనూ ఉండేది ఒకటే కీర్తనల పుస్తకం. ఆ పూట ఏవి పాడాలో గోడ మీద బల్లకి నెంబర్లు తగిలిస్తారు. పెళ్ళికి వేరే నెంబర్లు, చావుకి వేరే నెంబర్లు. పెళ్ళినాడు చావుపాట పుస్తకంలోంచి చిరిగిపోదమ్మా. తెరవరు, అంతే. కంటి కణంలో గోరుకి కావలసింది కూడా ఉంటుంది. తెరవరు."

"ఎవరు తెరవరు మేడం?"

"పక్క కణాలు చెప్తాయి. అది ఉన్న చోటు చెప్తుంది. ముందు తెరుచుకున్న జన్యువు తర్వాతి దాన్ని తెరుస్తుంది, ఇంకోదాన్ని మూస్తుంది. మొత్తం మాత్రం ఇంకా ఎవరికీ తెలీదు." తెలీదన్న మాట ఆవిడ చాలా మామూలుగా అనేవారు. పాఠం చెప్పేవాళ్ళు ఆ మాట అనగా అంతకుముందు నేను వినలేదు.

ఆవిడ నోట ఎప్పుడూ ఉండే ఇంకో మాట "ఇంకా నిర్ణయం కాలేదు." అదీ పాఠంలోంచి వచ్చిందే. కాలు కావలసిన చిన్న ముక్కను పిండం తొలిరోజుల్లో తీసి ఇంకోచోట అతికిస్తే, అది అక్కడి పొరుగును బట్టి మారిపోతుంది. కొంచెం ఆలస్యమైతే మారదు, ఎక్కడ పెట్టినా కాలే అవుతుంది. అప్పటికి నిర్ణయం అయిపోయిందన్నమాట. పరీక్ష తప్పిన పిల్ల ఏడుస్తూ వస్తే భుజం తట్టి, "ఇంకా నిర్ణయం కాలేదమ్మా" అనేవారు. పెళ్ళి కుదిరి చదువు మానేస్తానన్న పిల్లతోనూ అదే మాట.

మేం రెండో సంవత్సరంలో ఉండగా మేడం కడుపుతో ఉన్నారని తెలిసింది. అంతకు ముందు నుంచే గుడ్ల పని ఉంది, తర్వాతా ఉంది. ఏడో నెలలో కూడా అట్టపెట్టె పట్టుకుని గుడ్లకి వెళ్తుంటే తోటి లెక్చరర్లు గుసగుసలాడేవారు. తర్వాత సెలవు పెట్టారు. కొన్ని వారాలకు కాలేజీకి కబురొచ్చింది. మగపిల్లాడట. వీపు కింద భాగంలో వెన్ను మూసుకోకుండా పుట్టాడట. వారం తిరక్కుండానే పోయాడట.

నలుగురం ఆడపిల్లలం రేపల్లె వెళ్ళాం. రైలుకట్టకి దగ్గర్లో పెంకుటిల్లు. గుమ్మంలో మేడం అత్తగారు కూచుని ఉంది. తెల్లచీర, బిగించి కట్టిన ముడి, ఒళ్ళో బైబిలు. మేం ఎవరమో చెప్పగానే మా మొహాలు ఎగాదిగా చూసింది.

"మీరేనా ఆ గుడ్లు పగలగొట్టేది? చెప్పండమ్మా, మీరే చెప్పండి. లోపల ప్రాణం ఉందని తెలిసీ పగలగొట్టి చూసే చేతులు. వాటితోనే బిడ్డని మొయ్యాలంటే దేవుడు ఊరుకుంటాడా?"

లోపలికి వినపడాలనే అంది. మేడం భర్త తాలూకాఫీసులో గుమాస్తా, నెమ్మదైన మనిషి. వరండాలో నిలబడి కళ్ళజోడు తుడుచుకుంటూ ఉండిపోయాడు. తుడిచిందే తుడిచాడు.

మేడం గదిలో మంచం మీద గోడకానుకుని ఉన్నారు. జాకెట్టు పాలతో తడిసి ఉంది. పమిట సర్దుకుని, మమ్మల్ని కూచోమని, "ప్రాక్టికల్స్ ఎంతవరకు వచ్చాయి?" అని అడిగారు. చెప్పాం. "రికార్డులు వెనకబడనివ్వకండి" అన్నారు. పిల్లాడి సంగతి ఆవిడ ఎత్తలేదు, మాకు ఎత్తే ధైర్యం లేదు. వచ్చేస్తుంటే నన్ను మాత్రం చేయి పట్టుకుని ఆపారు.

"అది మొదటి నెలలోనే జరిగిపోతుందే. నాకు నెల తప్పిందని కూడా అప్పటికి తెలీదు. నేను పొద్దున్నే రైలెక్కుతున్నా, పాఠం చెప్తున్నా, ఇంటికొచ్చి వండుతున్నా. లోపల అంచులు రెండూ దగ్గరకొచ్చి ఆగిపోయాయి. నాకు తెలీదు."

సెలవయ్యాక మళ్ళీ కాలేజీకి వచ్చారు. ఆ గొట్టం పాఠం వంతు తప్పించుకోవచ్చు, ఇంకో లెక్చరరు చెప్తానన్నారు కూడా. మేడం ఒప్పుకోలేదు. రెండు సుద్దముక్కలు తీసుకుని బోర్డు ముందు నిలబడ్డారు. చదునైన పొర గీశారు. అంచులు లేచాయి. వంగాయి. రెండు చేతులూ పైకి వచ్చి, మధ్యలో కొద్దిపాటి సందు ఉండగా ఆగిపోయాయి. ఆవిడ వీపే మాకు కనపడుతోంది. చాలాసేపు చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి. తర్వాత సుద్దలు రెండూ కలిశాయి. "మూసుకుంది" అని మాత్రం అనలేదు. ఆ తర్వాత ఎప్పుడూ అనలేదని జూనియర్లు చెప్పారు.

మళ్ళీ పిల్లలు పుట్టలేదు. పుట్టలేదో, భయపడి వద్దనుకున్నారో నేను అడగలేదు.

నేను ఎమ్మెస్సీ చేసి బాపట్లలో ఉద్యోగంలో చేరాక మేడం నాకు బాగా దగ్గరయ్యారు. అక్కడి ఒక పెద్ద లైబ్రరీకి విదేశీ పత్రికలు వచ్చేవి, ఆలస్యంగానైనా. శనివారాలు తెనాలిలో బండి మారి వచ్చేవారు. నేనూ వెళ్ళి పక్కన కూచునేదాన్ని. ఒకరోజు ఒక పత్రికలో ఫొటో చూపించి నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఈగ తల. మీసాలు ఉండాల్సిన చోట రెండు కాళ్ళు మొలిచి ఉన్నాయి.

"ఒక్క జన్యువు, తప్పుచోట తెరుచుకుంది. అంతే! కాలు ఎలా చెయ్యాలో తలకి కూడా తెలుసే. ఇన్నాళ్ళూ మూసి ఉంచారు." గొంతు పెరిగిపోయింది. లైబ్రేరియన్ తల ఎత్తి చూశాడు. "ఇంకా విను. ఇలాంటివే ఎలకలో ఉన్నాయంట. మనలోనూ ఉన్నాయంట. ఈగకీ మనకీ తల ఎక్కడ, నడుం ఎక్కడ అని చెప్పేవి ఇంచుమించు అవే."

ఆవిడ అంత సంతోషంగా ఉండగా నేను చూసింది ఆ ఒక్కసారే. బయటికొచ్చి టీ తాగుతుంటే, పెళ్ళికి ముందు వాల్తేరు యూనివర్సిటీలో పరిశోధనకి సీటొచ్చిందని, ఇంట్లో వెళ్ళనివ్వలేదని చెప్పారు.

"ఇప్పుడు వెళ్ళొచ్చు కదా మేడం?"

"నాకు నిర్ణయం అయిపోయిందే. ఇప్పుడెక్కడ పెట్టినా నేను ఇదే అవుతాను" అని గ్లాసు కింద పెట్టారు.

తొంభైల మొదట్లో అదే లైబ్రరీలో, అదే బల్ల దగ్గర ఇంకో పత్రిక నా ముందుకి జరిపారు. అది వైద్యుల పత్రిక. గర్భం రాకముందు నుంచే ఫోలిక్ ఆసిడ్ అనే విటమిను వేసుకుంటే, వెన్ను మూసుకోకుండా పుట్టే పిల్లలు బాగా తగ్గుతారని రాశారు. చదివి తలెత్తేసరికి ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"చిన్న పసుప్పచ్చ మాత్ర," అన్నారు. "ఆకుకూరల్లో కూడా ఉంటుంది. మా పెరట్లో తోటకూర ఉండేది. ఎవరన్నా అడిగితే కోసిచ్చేదాన్ని."

"అప్పటికి ఎవరికీ తెలీదు కదా మేడం."

"తెలీదు. తెలియకపోవటం తప్పు కాదని మీకు చెప్తాను. నాకు నేను చెప్పుకోలేకపోతున్నా."

ఆ తర్వాత మేడం కొత్తగా పెళ్ళయిన ఆడపిల్ల కనపడితే వదిలిపెట్టలేదు. తన దగ్గర చదివిన పిల్లలు, చదువుతూ పెళ్ళిళ్ళు చేసుకున్న పిల్లలు, చర్చిలో పెళ్ళికూతుళ్ళు, నిజాంపట్నం నుంచి చేపలు తెచ్చి అమ్మే వాళ్ళ కోడళ్ళు. హ్యాండుబ్యాగులో ఎప్పుడూ మాత్రలు ఉండేవి. "రోజూ ఒకటి. ఇప్పట్నించే. నెల తప్పాక కాదు" అనేవారు. రేపల్లెలో కడుపుతో ఉన్నవాళ్ళకి మాత్రలు పంచే నర్సుతో ఓసారి రోడ్డు మీదే వాదన పెట్టుకున్నారు. "ఐదో నెలలో ఇస్తే ఏం లాభమమ్మా? వెన్ను మూసుకోవాల్సిన రోజులు ఎప్పుడో దాటిపోయి ఉంటాయి!" పాపం ఆ నర్సు మాత్రం ఏం చేస్తుంది, "మాకిచ్చింది మేం ఇస్తున్నామండి" అని వెళ్ళిపోయింది.

చాలామంది తీసుకుని పక్కన పడేశారని నాకు తెలుసు. బిడ్డ పోయిన మనిషి చేతి నుంచి పెళ్ళికూతురు మాత్ర తీసుకోవడమేంటని కొందరు మొహం మీదే అన్నారు. కొన్ని పెళ్ళిళ్ళకి ఆవిడకి పిలుపు మానేశారు. నాకు పెళ్ళయినప్పుడు నేను వేసుకున్నాను. నా కూతురు ఆరోగ్యంగా పుట్టింది. ఆ మాత్రల వల్ల పుట్టిందా, లేకున్నా అలాగే పుట్టేదా? తెలుసుకునే దారి లేదు. జరక్కుండా ఆగిన చెడు ఎవరికీ కనపడదు. మేడంకి ఆ ముక్క అందరికంటే బాగా తెలుసు.

పాపను చూపించడానికి రేపల్లె తీసుకెళ్ళాను. మేడం పాపను ఎత్తుకుని, ముందు వీపు మీద చెయ్యి వేసి, మెడ నుంచి నడుం దాకా వేళ్ళతో నిమిరారు. చాలా నెమ్మదిగా. తర్వాతే మొహం చూశారు. ఆ ఇంట్లోకి అప్పుడే కొత్త తోడికోడలు వచ్చింది, మరిది భార్య. మేడం ఆ అమ్మాయికి మాత్రలిచ్చి ఎలా వేసుకోవాలో చెప్తున్నారు. అత్తగారు వంటింట్లోంచి వచ్చి, ఆ పిల్ల చేతిలోంచి పొట్లం లాక్కుని, నూతిపక్క కాలవలో పోసేసింది. పసుప్పచ్చ మాత్రలు అంట్లనీళ్ళలో కరిగిపోయాయి.

"నీ చేత్తో ఇచ్చింది ఈ పిల్ల నోట్లో పడ్డానికి వీల్లేదు. ఒక బిడ్డని మింగింది చాలు."

"అత్తయ్యా, గుడ్లు కొయ్యటానికీ దానికీ సంబంధం లేదు. ఎన్నిసార్లు చెప్పాను మీకు? వెన్ను మూసుకునే రోజుల్లో ఏదో తక్కువైంది. ఈ మాత్ర అందుకే."

"నువ్వు చదువుకున్నదానివి, ఏదైనా చెప్తావు."

మేడం కాలవలోకి చెంబుతో నీళ్ళు పోశారు. ఆ తర్వాత ఏడాదికి తోడికోడలికి కొడుకు పుట్టాడు. బొద్దుగా, చక్కగా. అత్తగారు పసివాణ్ణి తెచ్చి వీపు తిప్పి చూపించి, "చూశావా? నీ మాత్రలు లేకుండానే పుట్టాడు" అందట. మేడం రైల్లో ఆ సంగతి చెప్పారు.

"మీరేమన్నారు మేడం?"

"అలా పుట్టాలనే కదత్తయ్యా ఇచ్చింది, అన్నా." తర్వాత తల కిటికీ ఊచలకి ఆనించి కళ్ళు మూసుకున్నారు.

జబ్బు బయటపడేసరికి ఆలస్యమైంది. అండాశయంలో కాన్సరు. గుంటూరులో ఆపరేషను చేసి, మందులెక్కించి, చేయగలిగింది లేదని పంపేశారు. ఆఖరిసారి వెళ్ళినప్పుడు మధ్యాహ్నం ఎండ గదిలోకి పడుతోంది. జుట్టు రాలిపోయి తలకి తువ్వాలు చుట్టుకుని ఉన్నారు. నేను దుప్పటి సర్దుతుంటే, ఆవిడే మొదలెట్టారు.

"ఏం జరుగుతోందో తెలుసా లోపల? పని కుదిరిపోయిన కణాలు, బుద్ధిగా ఒక చోట ఉండాల్సినవి. మూసినవన్నీ తెరుచుకున్నాయి. గుడ్డులో ఉన్నప్పటి పని మళ్ళీ మొదలుపెట్టాయి. చీలటం, కదలటం, చోటు చేసుకోవటం. పిండం చేసే పనులే ఇవన్నీ."

"మేడం, ఇప్పుడు ఇవన్నీ ఎందుకు?"

"ఏంటంటే," అని ఆయాసం తీర్చుకున్నారు, "పిండంలో ఆగమని చెప్పేవి ఉంటాయి. ఇక్కడ చెప్పేవి లేవు. నిర్ణయం అయిపోయిందని ఇన్నేళ్ళు మీకు చెప్పాను చూడు. అది కూడా తప్పేనేమో. ఏదీ పూర్తిగా అయిపోదేమో. పిల్లలకి ఆ ముక్క దిద్ది చెప్పు."

నేను తలూపాను. ఆవిడ నా చెయ్యి తీసుకుని చెంపకి ఆనించుకున్నారు. చెంప చల్లగా ఉంది.

మర్నాడు పద్మా నేనూ రేపల్లె వెళ్ళాం. ఎండ మండిపోతోంది. పాతవిద్యార్థినులు చాలామంది వచ్చారు, కొందరు చంకన పిల్లలతో. ఆ పిల్లల్ని చూస్తూ వీళ్ళలో ఆ మాత్ర వల్ల బాగా పుట్టింది ఎవరో, అని అనుకోకుండా ఉండలేకపోయాను. ప్రార్థన అయింది, పెట్టె దింపారు, తలా ఇంత మన్ను వేశాం. మేడం భర్త కళ్ళజోడు చేత్తో పట్టుకుని, పెట్టుకోవడం మరిచిపోయి నిలబడ్డాడు.

ఇంటికొచ్చాక కాళ్ళు కడుక్కుని బయల్దేరుతుంటే, పందిట్లో కుర్చీలో కూచున్న అత్తగారు నన్ను పిలిచింది. బాగా ముసలిదైపోయింది. చూపు ఆనట్లేదు, నా చెయ్యి తడుముకుని పట్టుకుంది.

"ఏమ్మాయ్, నువ్వు కూడా ఆ చదువే చెప్తావంటగా?"

"అవునండి మామ్మగారూ."

"అయితే ఒక మాట దాచకుండా చెప్పు. ఆ బిడ్డ అట్టా పుట్టటానికీ, మా కోడలు ఆ గుడ్లు కొయ్యటానికీ ఏమన్నా సంబంధం ఉందా?"

"లేదండి. ఏమీ లేదు."

"మరి కడుపుతో ఉండి ఆ రైళ్ళెక్కి తిరగటం వల్లా?"

"కాదండి. కడుపుతో ఉన్నట్టు ఆవిడకి తెలిసేలోపే అది జరిగిపోయింది. ఆవిడ తప్పేం లేదండి. ఎవరి తప్పూ లేదు."

ఆమె నా చెయ్యి వదల్లేదు. పందిరి బయట ఎవరో కుర్చీలు లెక్కపెట్టి బండికెత్తుతున్నారు.

"దానికి తెలుసా ఆ సంగతి? తన తప్పు లేదని?"

"తెలుసండి."

"తెలిస్తే నాకొక్క మాట చెప్పొచ్చుగా?" కుర్చీలో ముందుకి వంగింది. "ఇన్నేళ్ళు ఒకే కప్పు కింద ఉన్నాం. ఒక్కసారన్నా చెప్పొచ్చుగా?"

ఊరుకుంటే సరిపోయేది. నా వల్ల కాలేదు.

"చెప్పారండి. చాలాసార్లు చెప్పారు. ఒకసారి నేనిక్కడే ఉన్నాను."

ఆమె మసకబారిన కళ్ళతో నా మొహంకేసి చూసింది, అబద్ధమేమోనని వెతుక్కుంటున్నట్టు. తర్వాత నా చెయ్యి వదిలేసి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

"నాకు వినపడలేదమ్మా" అంది.